పటంలో లేని మనుషులు

ఈ మధ్య ఒక మిత్రుని ఇంటికి వెళ్లాను. హాలులో, కుర్చీలకెదురుగా, అద్దాల చట్రంలో ఒక డచ్చి పటం తగిలించి ఉంది. విలియం బ్లావ్ 1635 ప్రాంతంలో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చువేసిన తూర్పు ఇండియా దీవుల పటం. రంగులద్దిన తీరాలు, నీటి మీద తెరచాప ఓడలు. చాలా సొమ్ము పోసి విదేశీ వేలంలో కొన్నాడట. "సుగంధద్రవ్యాల వర్తకం నాటి సాహసానికి గుర్తు, మాష్టారూ!" అన్నాడు.

ఎవరి సాహసం? ఎవరి మీద? ఆ పటంలోనే కుడివైపున చుక్కల్లా బందా దీవులున్నాయి. ఆనాడు ప్రపంచం వాడే జాజికాయ, జాపత్రి అంతా అక్కడే పండేది. 1602లో పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీ ఆ పంట తనకొక్కదానికే అమ్మాలన్నది. దీవులవాళ్లు ఇతరులకూ అమ్ముకున్నారు. అదీ వాళ్ల నేరం! 1621లో గవర్నర్ జనరల్ యాన్ కూన్ దండెత్తి వెళ్లాడు. 44 మంది పెద్దలను చంపించాడు. సుమారు 15,000 జనాభాలో అక్కడ మిగిలింది వెయ్యిమందేనని చరిత్రకారుల అంచనా. తక్కినవాళ్లు కత్తికో, ఆకలికో బలయ్యారు. కొందరు పారిపోయారు, కొందరు బానిసలయ్యారు. ఖాళీ అయిన నేలను 68 తోటలుగా పంచి, బానిసలచేత సాగుచేయించారు.

మిత్రుని పటం అచ్చయ్యేనాటికి ఈ ఊచకోత జరిగి పదేళ్లు దాటింది. దాని జాడ పటంలో లేదు. ఎలా ఉంటుంది? 1633 నుంచీ బ్లావ్ ఆ కంపెనీకే అధికారికంగా పటాలు తయారుచేసేవాడు. ఓడలు నడపటానికి కంపెనీ వాడిన పటాలు చేతితో గీసినవి, రహస్యమైనవి. ప్రయాణం ముగియగానే నావికులు వాటిని తిరిగి అప్పగించాలి. అచ్చుపటాలు సంపన్నుల పుస్తకాలకూ గోడలకూ. ఆనాటి డచ్చి చిత్రకారుడు వెర్మీర్ బొమ్మలు చూడండి. గదుల గోడలకు పటాలు వేలాడుతుంటాయి. చరిత్రను కాపాడుతున్నానని నా మిత్రుడు అనుకుంటున్నాడు. ఆనాటి షావుకారు తన ఇంట్లో చేసిన పనినే మళ్లీ చేస్తున్నాడు.

"కళను కళగా చూడలేరా?" అని అడిగాడు. చూడగలను. రాగిరేకు మీద ఆ గీతలు చెక్కిన పనివాని నేర్పుకు నమస్కరిస్తాను. ఆ నేర్పును ఎవరు, దేనికి వినియోగించుకున్నారని కూడా అడుగుతాను. మనుషులను తుడిచేసి దీవిని సరుకుగా చూపటానికి!

ఇది ఎక్కడిదో గొడవ అనుకోకండి. అదే పటంలో ఎడమవైపున మన తీరం ఉంది. డచ్చివారు 1605లో మచిలీపట్నం చేరింది బట్టల కోసం. తూర్పు దీవులలో మన బట్టకు మంచి గిరాకీ. ఇక్కడి నేత అక్కడ ఇచ్చి లవంగం, జాజికాయ పట్టుకుపోయారు. కరువు రోజులలో పులికాట్ రేవు నుంచి మనుషులనే కొని బటేవియాకు ఎగుమతి చేశారు. డచ్చివారిని మనవాళ్లు వలందావారనేవారు. బందరులో వలందపాలెం పేరు నేటికీ నిలిచింది. ఆ బట్ట నేసినవాళ్ల పేర్లు ఏ పటంలో ఉన్నాయి?

పటాలను తగలబెట్టమని నేననను. అవి దోపిడీకి సాక్ష్యాలు. సాక్ష్యాన్ని కాలిస్తే దొంగకే మేలు. పక్కన ఇంకొక కాగితం తగిలించమంటాను, 1621లో ఏం జరిగిందో రాసి. కూన్ పుట్టిన హూర్న్ పట్టణంలో 1893 నుంచీ అతని విగ్రహం ఉంది. ప్రజలు ప్రశ్నించగా 2012లో దాని ఫలకం మార్చి, అతని హింసాకాండ మీది విమర్శనూ చేర్చారు. సొంత ఊరివారు చేసిన ఆ కాస్త పని మన హాలులో చెయ్యలేమా?

మిత్రుడు నవ్వాడు. "అది చదివితే వచ్చినవాళ్లకు అన్నం సయించదు, మాష్టారూ!"

ఇంతకూ అసలు సంగతి అదే. అన్నం సయించటానికి అవసరమైన మేరకే వారికి చరిత్ర కావాలి. విద్యార్థులారా, ఉపాధ్యాయులారా! ప్రదర్శనశాలలో గాని, పెద్దమనుషుల ఇళ్లలో గాని ఇలాంటి పటం కనిపిస్తే మూడు ప్రశ్నలు అడగండి: ఎవరు గీశారు? ఎవరి సొమ్ముతో? ఎవరిని వదిలేసి? జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.