ఆగమన్న జన్యుక్రమం

ముదిరిన కణాన్ని మళ్ళీ పసికణంగా మార్చవచ్చని 2006లో షిన్యా యమనాక ఎలుక కణాలతో నిరూపించారు. 24 జన్యువులను పరీక్షించి, నాలుగు చాలునని తేల్చారు. ఆ నాలుగింటిలో ఒకటైన సి-మిక్‌కు కాన్సరుతో చుట్టరికం ఉంది. వరంతోపాటే భయమూ వచ్చిందన్నమాట.

2014లో జపానులోని కోబె నగరంలో, చూపు మందగించిన ఒక వృద్ధురాలి చర్మకణాల నుంచే రెటీనా పొరను పెంచి ఆమె కంటిలో అమర్చారు. రెండవ రోగికీ కణాలు సిద్ధమయ్యాయి. కానీ జన్యుక్రమాన్ని చదివి చూస్తే వాటిలో మార్పులు కనిపించాయి. 2015లో ఆ ప్రయత్నాన్ని ఆపివేశారు.

దీనిని నేను ఓటమిగా భావించను. మార్చిన కణాన్ని రోగి ఒంట్లో పెట్టేముందు దాని జన్యుక్రమాన్ని పూర్తిగా చదవడం నియమం కావాలని నా అభిప్రాయం. చూపుకోసం ఎదురుచూసేవారికి ఆలస్యం కష్టమే. అయినా, కంటిలో పెట్టాక బయటపడే తప్పుకన్నా ప్రయోగశాలలోనే పట్టుబడిన తప్పు మేలు కదా!