కంపెనీ చేతులెత్తేసిన డబ్బా ఎవరిది?

హైదరాబాద్ పాతబస్తీలో, పురానీ హవేలీ దగ్గరి ఛత్తా బజార్‌లో ఒకప్పుడు కాతిబుల కలాలదే రాజ్యం. ఉర్దూ పుస్తకమైనా, షాదీ కార్డయినా వాళ్ల చేతిరాతతోనే అచ్చుకు వెళ్లేది. 1990ల్లో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చాక కలాలు మూలకు జరిగాయి, కంప్యూటర్లు కుర్చీ వేసుకు కూర్చున్నాయి. పాత కాగితం చిరిగితే కనీసం సగమైనా చదువుకోవచ్చు. హార్డ్ డిస్కు మొరాయిస్తే ఆ సగం కూడా దక్కదు. అచ్చు దుకాణాల డిజైన్లు, స్టూడియోల పెళ్లి వీడియోలు, గల్ఫ్‌లో ఉన్న కొడుకు పంపిన ఫొటోలు ఇప్పుడు ఉండేది డిస్కుల్లోనే. ఆ డిస్కుల్లో కొన్ని, రౌటర్ పక్కన పెట్టుకునే చిన్న నల్ల డబ్బాల్లో ఉంటాయి. దుకాణాల్లో అలాంటి డబ్బాను ‘నాస్’ అంటారు. లోపల ఒకటో రెండో డిస్కులు, ఒక చిన్న ప్రాసెసర్, వెనక ఒక నెట్‌వర్క్ తీగ, అంతే. ఇంట్లోని ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ అందులో దాచుకుంటాయి. సొంత డబ్బు పోసి కొన్న ఈ డబ్బా, కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన రోజు నుంచీ పూర్తిగా కొన్నవాడి చేతికి రావాలి, దాంట్లో లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకునే దారిని కంపెనీయే తెరిచిపెట్టి వెళ్లాలి, మరమ్మతు హక్కు గురించి మాట్లాడుతున్న మన ప్రభుత్వం దీన్ని కూడా ఆ హక్కులోనే లెక్కగట్టాలి అన్నది నా వాదన.

ఇది అప్‌డేట్ల పిచ్చి పట్టిన నలుగురి కోరికలా కనిపించవచ్చు. 2021 జూన్‌లో ఏం జరిగిందో చూస్తే అలా అనిపించదు. వెస్టర్న్ డిజిటల్ ‘మై బుక్ లైవ్’ అనే డబ్బాలు వాడుతున్నవాళ్లు ప్రపంచంలో చాలాచోట్ల ఒక ఉదయం లేచి చూసేసరికి ఏళ్ల తరబడి దాచుకున్నదంతా మాయమైంది. ఎవరో ఇంటర్నెట్ మీదుగా లోపలికి చొరబడి, కొన్ననాటి స్థితికి తెచ్చే ఆదేశం ఇచ్చారు. డబ్బా విధేయంగా అన్నీ తుడిచేసింది. పాస్‌వర్డ్ అడగలేదా అంటే, అడగాల్సిన పంక్తులు ప్రోగ్రాంలో ఉన్నాయి కానీ రాసినవాళ్లే వాటిని పనిచేయకుండా పక్కన పెట్టేశారని తర్వాత బయటపడింది. దానికి కంపెనీ ఇచ్చిన చివరి అప్‌డేట్ 2015లోది. ఆరేళ్లపాటు ఆ డబ్బా వేల ఇళ్లలో, దుకాణాల్లో రాత్రింబవళ్లు వెలుగుతూనే ఉంది, కాపలాదారు మాత్రం ఎప్పుడో వెళ్లిపోయాడు. 2024 ఏప్రిల్‌లో డీ-లింక్ పాత నాస్‌లలో ఇంకో లొసుగు బయటపడింది. పాస్‌వర్డే లేని ఒక ఖాతాను తయారీలోనే లోపల పెట్టేశారు. అలా నెట్‌లో బయటికి కనిపిస్తున్న డబ్బాలు 92 వేలకు పైగా ఉన్నాయని దాన్ని పట్టుకున్న పరిశోధకుడు లెక్కతేల్చాడు. ఆ మోడళ్ల కాలం తీరిపోయింది, సరిచేయం, తీసేసి కొత్తవి కొనుక్కోండి అన్నది కంపెనీ జవాబు. ఇల్లు కట్టిన మేస్త్రీ వచ్చి, తలుపు గొళ్లెం నేనే తప్పు బిగించాను, ఇల్లు కూల్చేసి కొత్తది కట్టుకో అన్నట్టుంది ఇది.

ఇందులో వింత ఏమిటంటే, ఇలాంటి డబ్బాల్లో చాలావాటి లోపల నడిచేది మొదటి నుంచీ లైనక్సే. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఆ కెర్నెల్‌ను, విండోస్ కంప్యూటర్లకు డబ్బాను కనిపించేలా చేసే సాంబాను, ఊరికే దొరికాయి కాబట్టే కంపెనీలు తెచ్చి పెట్టుకున్నాయి. ఊరికే దొరికినదానికీ ఒక షరతుంది. జీపీఎల్ లైసెన్సు ప్రకారం, దాన్ని వస్తువులో పెట్టి అమ్మేవాడు దాని మూలకోడ్‌ను కూడా అడిగిన కొనుగోలుదారుకు ఇవ్వాలి. ఈ షరతు కోర్టులో నిలబడదని కొందరు అనుకునేవారు. 2006 సెప్టెంబర్‌లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ కోర్టు ఆ సందేహం తీర్చింది. లైనక్స్ ప్రోగ్రామర్ హారాల్డ్ వెల్టే వేసిన కేసులో అది డీ-లింక్‌కు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. కేసుకు కారణమైన వస్తువు ఏదనుకున్నారు? అదీ ఒక నాస్ డబ్బాయే. అయితే మూలకోడ్ చేతికొచ్చినంత మాత్రాన డబ్బా మన మాట వింటుందని కాదు. దాన్ని ఎక్కించాల్సిన తలుపు, అంటే బూట్‌లోడర్, తాళం వేసి ఉంటే కోడ్ కాగితాల మీద అక్షరాలే. అందుకే లైసెన్సు ఒక్కటే చాలదు, తాళం సంగతీ చట్టం చూడాలి అంటున్నాను.

తలుపు తెరిచి ఉంటే ఏమవుతుందో చెప్పడానికి 2004లో లింక్‌సిస్ అమ్మిన ఎన్‌ఎస్‌ఎల్‌యూ2 చాలు. 266 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 32 ఎంబీ మెమరీ, 8 ఎంబీ ఫ్లాష్. అభిమానులు దాన్ని ముద్దుగా ‘స్లగ్’ అనేవారు, నత్త అన్నమాట, పేరుకు తగ్గ వేగమే. కంపెనీ కోడ్ బయటపెట్టడంతో ఆ నత్తలోకి 2007లో డెబియన్ అనే లైనక్స్ రకం, దాని 4.0 వెర్షన్, ఎక్కింది. అక్కడే ఈ డబ్బాల మీద లైనక్స్ ఎక్కించడంలోని కిటుకు తెలుస్తుంది. దీనికి తెర లేదు, కీబోర్డు లేదు, మూడు నాలుగు దీపాలే దాని ముఖం. కాబట్టి ఇన్‌స్టాలర్‌నే నెట్‌వర్క్ మీద మాట్లాడేలా చేశారు. రౌటర్ డబ్బాకు ఏ ఐపీ చిరునామా ఇచ్చిందో చూసుకుని, పక్క కంప్యూటర్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్తే అది ఒక్కో ప్రశ్నా అడుగుతుంది, మనం జవాబిస్తూ పోవాలి. సాఫీగా సాగితే చెప్పుకోవడానికేమీ లేదు. సాగనప్పుడే పనితనం. ఫ్లాష్‌లో రాస్తుండగా కరెంటు పోతే డబ్బా డెడ్. అప్పుడు మూత విప్పి, బోర్డు మీది సీరియల్ పిన్నులు వెతికి, 3.3 వోల్టుల యూఎస్‌బీ తీగ తగిలించి, 115200 వేగంతో అది లోపల ఏం గొణుక్కుంటోందో చదవాలి. వోల్టేజి ఎక్కువిస్తే చిప్పు కాలిపోతుంది, అదొక్కటి మర్చిపోకూడదు. కెర్నెల్ దొరకలేదంటోందా, డిస్కు కనిపించలేదంటోందా, నిన్న ఎస్‌డీఏ అన్న డిస్కును ఇవాళ ఎస్‌డీబీ అంటోందా అన్నది అక్కడ తేలిపోతుంది. డిస్కు టకటకమని కొట్టుకుని ఆగిపోతుంటే చాలామంది డిస్కు పోయిందని ఏడుస్తారు. నీరసించిన అడాప్టర్ డిస్కును తిప్పలేకపోవడం కూడా కారణం కావచ్చు. ముందు అడాప్టర్ మార్చి చూడటం చవకైన వైద్యం.

మై బుక్ లైవ్ సంగతికే మళ్లీ వస్తాను, ఎందుకంటే అందులో ఇంకో పాఠం ఉంది. ఎవరిదో డబ్బా పాడైంది, లోపలి డిస్కు మాత్రం బాగానే ఉంది అనుకుందాం. దాన్ని ఊడదీసి మామూలు లైనక్స్ కంప్యూటర్‌కు తగిలిస్తే ఏళ్ల తరబడి అది తెరుచుకునేది కాదు. కారణం దొంగతనం కాదు, పాడవడం కాదు. ఆ డబ్బాలోని పవర్‌పీసీ ప్రాసెసర్‌కు తగ్గట్టు డేటాను 64 కేబీ బ్లాకులుగా రాశారు, మన కంప్యూటర్లలోని కెర్నెలేమో 4 కేబీ పేజీలతో పనిచేస్తుంది. డీబగ్‌ఎఫ్‌ఎస్ లాంటి పనిముట్టుతో చదివితే ఫైళ్లన్నీ బయటికొస్తాయి. ఆ ఒక్క ముక్క తెలిసినవాడికి అరపూట పని, తెలియనివాడికి వేల రూపాయల డేటా రికవరీ బిల్లు. తెలుగు డీటీపీవాళ్లకు ఈ బాధ కొత్త కాదు. అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్లు అను లేని కంప్యూటర్‌లో పిచ్చిగీతలై కనిపించడం చూసినవాళ్లే వాళ్లంతా. అక్షరాలు మనవే, చదివే దారి ఇంకొకరి చేతుల్లో.

ఇదంతా మామూలు మనుషుల వల్ల అయ్యే పనేనా అని అడుగుతారు. కాదు. గడియారం బాగుచేయడం కూడా మామూలు మనుషుల వల్ల కాదు, అందుకే గడియారాల దుకాణం ఉంది. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో, కోఠీ గల్లీల్లో, చార్మినార్ చుట్టూ ఫోన్లు బాగుచేసే కుర్రాళ్లు సూక్ష్మదర్శిని కింద చిప్పులు ఊడదీసి అతికిస్తున్నారు. నాలుగు సీరియల్ పిన్నులు వాళ్లకో లెక్కా? వాళ్ల దగ్గర లేనిది నైపుణ్యం కాదు, బోర్డు పటమూ బూట్‌లోడర్ తాళంచెవీ. పెద్ద కంపెనీల సర్వీస్ సెంటర్లకన్నా ఈ గల్లీలే మన ఊరి అసలు మరమ్మతు వ్యవస్థ అని నా నమ్మకం. డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చిన ‘స్వేచ్ఛ’ సంస్థ హైదరాబాద్‌దే. గచ్చిబౌలి వైపు ఉన్న ఆ చదువూ పాతబస్తీలోని ఈ చేతిపనీ ఒకదానికొకటి ఎదురుపడకపోవడమే మన లోటు.

క్లౌడ్ ఉండగా ఈ తంటా ఎందుకన్నది ఇంకో అభ్యంతరం. ఫొటోలు ఎన్నైనా ఊరికే దాస్తామన్న గూగుల్ 2021 జూన్ 1 నుంచి ఆ మాట వెనక్కి తీసుకుంది, ఊరికే ఇచ్చేది ఇప్పుడు 15 జీబీ. ఒక్క పెళ్లి వీడియో వందల జీబీలు. సెకనుకు 100 మెగాబిట్ల కనెక్షన్ ఆగకుండా పూర్తి వేగంతో పనిచేసినా 500 జీబీ పైకెక్కడానికి 11 గంటలు దాటుతుంది. నెలనెలా అద్దె కట్టగలిగినవాళ్లకు క్లౌడ్ మంచిదే, నేను కాదనను. 10 వాట్లతో పనిచేసే పాత డబ్బా ఏడాదంతా ఆపకుండా నడిస్తే మాత్రం 88 యూనిట్ల కరెంటుతో సరిపెట్టుకుంటుంది.

భద్రత విషయంలో వచ్చే అభ్యంతరానికి బలముంది. లైనక్స్ వేసి వదిలేసినవాడి డబ్బా, కంపెనీ వదిలేసిన డబ్బా కన్నా ఏమీ మెరుగు కాదు. అప్‌డేట్లు పెట్టుకోవాలి, రౌటర్‌లో దాని పోర్టు బయటికి తెరవకూడదు, పాస్‌వర్డ్ మార్చాలి. రెండు డిస్కుల్లో ఒకే డేటా రాసే రెయిడ్‌ను బ్యాకప్ అనుకునేవాళ్లూ ఉన్నారు. పొరపాటున చెరిపితే అది రెండు డిస్కుల్లోనూ శ్రద్ధగా చెరిపేస్తుంది. 2020 అక్టోబర్ వానలకు చెరువులు తెగి హఫీజ్ బాబానగర్, అల్ జుబైల్ కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు కింది అంతస్తులో ఉన్నదేదీ మిగల్లేదు, ఎన్ని డిస్కులున్నా ఒకటే. 1908 మూసీ వరద తర్వాత కూడా ఈ ఊరికి నీటి గురించి చెప్పాల్సి రావడం విడ్డూరమే. అందుకే రెండో కాపీ ఇంకో చోట ఉండాలి. యాకుత్‌పురాలో ఒక డబ్బా, టోలీచౌకీలోని బంధువుల ఇంట్లో ఇంకొకటి పెట్టి, ఆర్‌సింక్‌తో రాత్రిపూట మారిన ఫైళ్లు మాత్రమే అక్కడికి పంపుకోవడం కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో కుదరవచ్చు, కుదరకపోవచ్చు. లైనక్స్ ఉంటే అది చిన్న పని. ఇక అన్ని పాత డబ్బాలనూ బతికించవచ్చని చెబితే అబద్ధమవుతుంది. చాలా పాత నాస్‌లలో ఉన్న ‘ఆర్మెల్’ రకం ప్రాసెసర్లకు 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ల ఓపికకూ ఒక హద్దుంటుంది. కానీ అది తెరిచిన దారిలో నడిచి నడిచి ఆగడం. తాళం వేసిన డబ్బా అసలు బయల్దేరనే లేదు.

కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబర్ 24న మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. 2025 మేలో నిపుణుల కమిటీ ఇచ్చిన మరమ్మతు సూచీ నివేదికలో విడిభాగాలు, పనిముట్లతో పాటు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లకూ మార్కులు వేయమన్నారు. మంచి అడుగు, కాకపోతే మొదట ఫోన్లు, ట్యాబ్లెట్లతోనే. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి నెట్‌కు తగిలే చాలా రకాల వినియోగ వస్తువులకు భద్రతా అప్‌డేట్లు ఎప్పటిదాకా ఇస్తామో అమ్మేముందే చెప్పాలి. ఫ్రిజ్ మీద కరెంటు నక్షత్రాలు అచ్చేయించగలిగిన దేశానికి నాస్ అట్టపెట్టె మీద ఒక తేదీ అచ్చేయించడం కష్టం కాదు. ఆ తేదీ దాటిన రోజున బూట్‌లోడర్ తెరిచే పద్ధతి, బోర్డు పటం బయట పెట్టాలన్నది దానికి జతచేయాల్సిన రెండో పంక్తి. మా రహస్యాలు పోతాయని కంపెనీలు అంటాయి. అమ్మడం మానేసిన, బాగుచేయనని చెప్పేసిన వస్తువులో ఇంకా కాపాడుకోవాల్సిన రహస్యం ఎంత, దానికోసం కొన్నవాడు తన డేటాను ఎంత పణం పెట్టాలి అన్నది అడగాల్సిన ప్రశ్న. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు పాత వస్తువును మళ్లీ వాడకంలోకి తెచ్చేవాళ్లకు రిజిస్ట్రేషన్, సర్టిఫికెట్ ఏర్పాటు చేశాయి. కోఠీలోని ఒక దుకాణం ఆ జాబితాలో చేరి పాత నాస్ డబ్బాలు బాగుచేసి అమ్మాలనుకుంటే, ఇవాళ దానికి అడ్డం ఆ నిబంధనలు కాదు, బోర్డు మీద తెరుచుకోని తాళం.