కాలనీ అంటే సేద్యగాడి చోటు (మాటల వెనక మనం – 9)

ఈసారి మాట 'కాలనీ'.

తాడేపల్లిగూడెంలోనో ఏలూరులోనో అద్దెకి ఇల్లు వెతుక్కుంటున్నవాడు "బ్యాంకు కాలనీలో దొరికింది" అన్నాడనుకోండి. వినేవాళ్ళకి వెడల్పాటి రోడ్డు, గేటు ముందు ముగ్గు కనిపిస్తాయి. అదే మనిషి ఊళ్ళో బస్సు దిగి "కాలనీకి పోనియ్యి" అంటే ఆటో అతను ఒకసారి తలతిప్పి చూస్తాడు. ఇక కులం అడగక్కర్లేదు. టౌన్లో కాలనీకి ముందు ఇంకో మాట ఉంటుంది: బ్యాంకు, డాక్టర్స్, ఆఫీసర్స్. ఊళ్ళో ముందు మాట ఏమీ వద్దు. ఉత్త కాలనీ అంటే మనమే.

ఈ మాటని ప్రభుత్వ రికార్డుల నుంచి తీసేస్తామని 2025 ఏప్రిల్ 29న తమిళనాడు అసెంబ్లీలో ముఖ్యమంత్రి స్టాలిన్ ప్రకటించారు. అంతకు ముందే 2024 జూన్‌లో కేరళ మంత్రి కె. రాధాకృష్ణన్, ఎంపీగా గెలిచి మంత్రి పదవి వదిలే రోజున, ఇదే పని చేసి వెళ్ళారు. ఆయన మనవాడే. మరి మన రాష్ట్రంలో? ఇందిరమ్మ కాలనీ, జగనన్న కాలనీ... పేరు ముందు బొమ్మ మారింది, మాట అలాగే ఉంది.

అసలిది ఎక్కడి మాట? లాటిన్‌లో 'కొలెరె' అంటే దున్నడం, సాగుచేయడం. సాగుచేసేవాడు 'కొలోనుస్'. వాడు స్థిరపడ్డ చోటు 'కొలోనియా'. రోమన్లు గెలిచిన నేలల్లో తమ మాజీ సైనికుల్ని దింపి పొలాలిచ్చిన ఊళ్ళు అవి. జర్మనీలో కొలోన్ నగరం పేరు అలా వచ్చిందే. (మన పెద్దోళ్ళు జ్వరమొస్తే నుదుటికి రాసిన ఓడికొలోన్ పేరు కూడా అక్కడిదే. కాలనీ మాటకీ ఒక సెంటు సీసా ఉంది, గుర్తుపెట్టుకోండి.)

తర్వాత కొలోనుస్ బతుకు దిగజారింది. సొంత పొలం ఉన్నవాడు కాస్తా దొర భూమి దున్నే కౌలుదారుడయ్యాడు. క్రీ.శ. 332లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి ఒక శాసనం చేశాడు: పారిపోవాలని చూసే కొలోనుస్‌ని బానిసలా సంకెళ్ళు వేసి పని చేయించవచ్చు. ఇది చదివినప్పుడు నాకు రోమ్ గుర్తురాలేదు. అప్పు తీరేదాకా గడప దాటలేని పాలేర్లు గుర్తొచ్చారు.

ఇంగ్లీషువాడి చేతిలో ఆ మాట దేశాల్ని మింగింది. ఏలూరు సర్కారు కూడా 1766 నాటి ఒప్పందంతో నిజాం చేతి నుంచి కంపెనీకి పోయింది. దేశం కాలనీ నుంచి బయటపడింది 1947లో. మనం కాలనీలోకి వెళ్ళింది ఆ తర్వాతే!

ఇక్కడ ఆగి ఒక చుట్టరికం చూడండి. 'కల్చర్' కూడా అదే 'కొలెరె' బిడ్డ. అగ్రికల్చర్, హార్టికల్చర్, ఆక్వాకల్చర్ అన్నీ కాలనీకి అప్పచెల్లెళ్ళు. తాడేపల్లిగూడెం పక్కన వెంకటరామన్నగూడెంలో హార్టికల్చర్ యూనివర్సిటీ ఉంది. కొల్లేరు చుట్టూ చేపల కల్చర్ ఉంది. కైకలూరు వైపు గట్ల మీద నడిచి చూడండి. తవుడు సంచులు మోసేది, మెడలోతు నీళ్ళలో వల లాగేది, రాత్రంతా చెరువు కాపలా కాసేది ఎవరు? వడ్డీలు, మనోళ్ళు. కల్చర్ చెరువు ఓనరుది, కాలనీ మనది. ఒక తల్లి బిడ్డలే, ఆస్తి మాత్రం ఒకళ్ళకే రాసిచ్చారు.

ఇంకో చెల్లెలు 'కల్టివేటర్'. 2019లో మన రాష్ట్రం పంట సాగుదారుల హక్కుల చట్టం చేసింది. కౌలు రైతుకి కార్డు. గడువు 11 నెలలు. కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి. ఏ యజమాని పెడతాడు? కార్డు చేతికిస్తే భూమి పోతుందని భయం, లేదా పరిహారం, పంట రుణం తన ఖాతాలోనే పడాలన్న ఆశ. అంటే దున్నినవాడు దున్నానని చెప్పుకోవడానికి దున్ననివాడు సంతకం చేయాలి. మా వైపు కాలనీల్లో ఈ సంతకం కోసం తిరిగి తిరిగి చెప్పులరిగినవాళ్ళు ఎంతమందో. పురుగుమందు అప్పు వాళ్ళది, పాసుపుస్తకం వేరేవాళ్ళది.

పేరు మారిస్తే అన్నం వస్తుందా అని వెక్కిరించేవాళ్ళతో నేను లేను. 1938లో బొంబాయి శాసనసభలో 'హరిజన' అన్న మాటని చట్టంలోకి ఎక్కిస్తుంటే బాబాసాహెబ్ తన పార్టీవాళ్ళతో కలిసి బయటికి నడిచాడు. మనల్ని ఏమని పిలవాలో మనం చెప్పాలి, అంతే. కాలనీ మాట పోవాలి.

కానీ మాట మీద మైల ఎలా పడుతుందో కూడా తెలియాలి. తాడేపల్లిగూడెం పేరులో పల్లి ఉంది, గూడెం ఉంది. మన వాడలకి ఇవే పేర్లు పెట్టి వెలేశారు. పట్నమయ్యేసరికి అదే గూడెం ముద్దొచ్చింది. "మాది గూడెం అండి" అని అందరూ దర్జాగా చెప్పుకుంటారు. మైల అక్షరాల్లో లేదు, ఎవరుంటున్నారన్న దాంట్లో ఉంది. పేట పోయి హరిజనవాడ వచ్చింది, అది పోయి కాలనీ వచ్చింది. రేపు 'నగర్' అన్నా, భూమి లేకపోతే రెండేళ్ళలో ఆ నగర్ అన్నప్పుడూ ఆటో అతను తల తిప్పుతాడు.

అందుకని నేననేది ఒకటి. పేరు మార్పు కోసం గ్రామసభలో తీర్మానం పెట్టేటప్పుడు, ఆ కాగితం వెనకే ఇంకో కాగితం పెట్టండి. మీ కాలనీలో ఎవరెవరు ఏ సర్వే నంబరులో ఎన్నేళ్ళుగా సాగుచేస్తున్నారు, ఎంత కౌలు కడుతున్నారు, కార్డు ఉందా లేదా. ఏలూరులో, గూడెంలో చదువుకునే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఒక్క వీధి రాయండి చాలు. మీ అమ్మ దగ్గర మొదలెట్టండి, ఆమెకి గట్టుతో సహా గుర్తుంటుంది.

వచ్చే భాగంలో 'సొసైటీ'. 1970ల్లో కొల్లేరులో సొసైటీల పేరున పేదలకి ఇచ్చిన చేపల చెరువులు ఎవరి చేతుల్లోకి పోయాయి, 2006లో ఐదో కాంటూరు లోపల గట్లు పగలగొట్టినప్పుడు ఎవరి పేర్లు కాగితాల మీద ఉన్నాయి అన్నది మాట్లాడుకుందాం. మీ ఊరి సొసైటీ పాత కాగితాలు ఏమైనా ఇంట్లో ఉంటే ఫొటో తీసి పంపండి.