మూతపడిన మిలటరీ ఫారం.. మాట రాని పచ్చిమేత

సికింద్రాబాద్‌: సైనిక పాడి క్షేత్రాల మూసివేతకు 2017లో కేంద్రం నిర్ణయించినప్పుడు చర్చంతా పశువుల తరలింపు, భూముల చుట్టూనే సాగింది. 1889లో అలహాబాద్‌లో మొదలైన ఆ వ్యవస్థ 2021 మార్చితో ముగిసింది. బోయిన్‌పల్లిలో మిలటరీ డెయిరీ ఫారం రోడ్డు అన్న పేరు మిగిలింది. గడ్డి మాట మాత్రం పెద్దగా వినిపించలేదు.

పాల ఉత్పత్తితో పాటు గ్రాసం పండించి, ఎండుగడ్డిని సైనిక జంతువులకు అందించడమూ ఆ క్షేత్రాల బాధ్యతే. అది పౌరుల పశువులకు దక్కేది కాదన్నది నిజమే. అయితే గడ్డిని ఒక పంటగా చూసిన నేల అది.

జంటనగరాల పాడివారికి చాలాకాలంగా మూసీ వెంట మురుగునీటితో పెరిగే పారాగడ్డే ఆధారం. ఏడాది పొడవునా కోతకు వస్తుంది, దిగుబడికి లోటు లేదు. కానీ మోపు బరువు వేరు, మేతలోని బలం వేరు. ఎండు పదార్థంలో మాంసకృత్తులు వరిగడ్డిలో సుమారు 3-4 శాతం, నేపియర్‌లో 8-10 శాతం కాగా, లూసర్న్‌లో 18-20 శాతం వరకు ఉంటాయి. ముదిరిన గడ్డిలో పీచు పెరిగి ఆ కొద్దిపాటి బలమూ తగ్గుతుంది. ఇక మూసీ నీటి కాలుష్యం సరేసరి.

గడ్డిజాతులతో అలసంద, పిల్లిపెసర కలిపి సాగుచేస్తే మేత నాణ్యత మెరుగవుతుంది. అందుకు నేల కావాలి. ఇరుకు కొట్టాల్లో గేదెలను కట్టి, మోపుల లెక్కన గడ్డి కొనే నగర పాడిరైతుకు లేనిది అదే. ఆ లోటును అతడు దాణా బస్తాలతో పూడ్చుకోవలసి వస్తోంది.