చుక్కనీటికి గాజుమూత

పిల్లలూ! మీ బడిలో సూక్ష్మదర్శిని ఉన్నదా? ఉంటే దాని పక్కనే ఒక చిన్న డబ్బీ కూడా ఉంటుంది. అందులో బొటనవేలి గోరుకన్నా కాస్త పెద్దవైన గాజుబిళ్లలు దొంతరగా పేర్చి ఉంటాయి. వాటినే కవర్ స్లిప్పులు అంటారు. ఒక్కొక్క బిళ్ల మందం సుమారు 0.17 మిల్లీమీటరు. ఇరవై బిళ్లలు ఒకదానిమీద ఒకటి పేర్చితే గాని కిటికీ అద్దమంత మందం రాదు!

ఇంత పల్చని గాజుతో ఏం పని? స్లైడుమీద నీటిచుక్క వేస్తే అది బొబ్బలాగా ఉబ్బి నిలుస్తుంది. పైన బిళ్ల వేయగానే చదునుగా పరుచుకుంటుంది. అప్పుడు అందులో ఉన్నవన్నీ ఇంచుమించు ఒకే మట్టంలో కనబడతాయి. నీరు త్వరగా ఆరిపోదు, కటకానికి తడి అంటదు.

మరి మందపాటి గాజు వేస్తే ఏం? ఎక్కువ పెద్దదిగా చూపే కటకం వస్తువుకు అర మిల్లీమీటరు దూరం దాకా దిగవలసి ఉంటుంది. మందపాటి గాజు దానికి అడ్డం వస్తుంది. పైగా వెలుగు గాజులోనుంచి గాలిలోకి వచ్చేటప్పుడు వంగుతుంది. ఆ వంపును ముందే లెక్కకట్టి కటకాన్ని తయారుచేస్తారు. అందుకే చాలా కటకాల మీద 0.17 అనే అంకె చెక్కి ఉంటుంది. గాజు మందం మారితే లెక్క తప్పి, బొమ్మ మసకబారుతుంది.

పల్చని గాజు దొరకని రోజుల్లో అభ్రకపు రేకులు వాడేవారు. మన గూడూరు దగ్గర గనుల్లో దొరికేదే ఆ అభ్రకం. పొరలు పొరలుగా ఊడివస్తుంది. 1840 ప్రాంతంలో ఇంగ్లండులో బర్మింగ్‌హాం దగ్గర ఛాన్స్ సోదరుల కార్ఖానా ఈ పనికి పల్చని గాజు తయారుచేసింది. అప్పటినుంచి అభ్రకానికి పని తగ్గింది.

విశాఖపట్నంలో ఒక తమాషా ఉన్నది. గాజువాక దాటి వెళితే ఉక్కు కర్మాగారం వస్తుంది. ఉక్కును పరీక్షించటానికీ సూక్ష్మదర్శిని కావాలి, కాని గాజుమూత అక్కర్లేదు! ఉక్కులోనుంచి వెలుగు దూరదు గదా! అందుకని ముక్కను అద్దంలాగా మెరుగుపెట్టి, ఆమ్లంతో తేలికగా తడిపి, పైనుంచి వెలుగు పడేటట్టు చేసి చూస్తారు. ఆ కటకాల మీద 0.17 బదులు 0 అని ఉంటుంది.

అదే ఊళ్లో సముద్రపు ఒడ్డున మాత్రం గాజుమూత లేనిదే పని జరగదు. తడి ఇసుక రేణువుల సందుల్లో కంటికి ఆనని ప్రాణులు కాపురం చేస్తాయి. నూలుపోగుల్లాంటి పురుగులు, రొయ్యలకు దూరపు చుట్టాలు, ఇంకా ఎన్నో! ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పి. ఎన్. గణపతి, జి. చంద్రశేఖరరావు గారలు వాల్తేరు తీరపు ఇసుకలోని ఈ జీవులను పరిశీలించి, 1962లో ఆ వివరాలు ప్రకటించారు.

మీరూ చూడవచ్చు. పెద్దవాళ్లను వెంటబెట్టుకొని, అలలు వెనక్కు తగ్గిన వేళ చెంచాడు తడి ఇసుక తీసుకోండి. గ్లాసెడు సముద్రపు నీటిలో వేసి కలపండి. ఇసుక అడుగుకు దిగగానే పైనీటిని వేరే గిన్నెలోకి వంచండి. అందులోనుంచి ఒక చుక్క స్లైడుమీద వేయండి. బిళ్లను ఒక అంచు ముందు ఆనించి, రెండో అంచును సూదితో మెల్లగా దించండి. అలా చేస్తే గాలిబుడగలు చిక్కుకోవు.

అయితే బిళ్ల బరువుకు ఆ ప్రాణి నలిగిపోతుందేమో? నిజమే, నలిగిపోవచ్చు. కాబట్టి బిళ్లకు నాలుగు మూలలా ఆవగింజలో పావువంతు మైనం అంటించండి. మంచానికి కోళ్లున్నట్టు అవి బిళ్లను ఎత్తి పట్టుకుంటాయి. నీరు తగ్గుతుంటే అంచు దగ్గర ఇంకొక చుక్క సముద్రపు నీరు వేయండి. అదే లోపలికి పాకుతుంది. మంచినీరు మాత్రం వేయకండి, ఆ జీవులు బతకవు.

కటకాన్ని పక్కనుంచి చూస్తూ దించండి. చూడకుండా తిప్పితే బిళ్ల పుటుక్కున పగులుతుంది. పగిలిన ముక్కలను చేత్తో ఏరకండి, కాగితంతో ఎత్తి, పొట్లం కట్టి, మేష్టారుకివ్వండి. చూడటం అయిపోగానే స్లైడును ఆ గిన్నెలోనే కడిగి, ఆ నీటిని తిరిగి ఒడ్డున పోసి రండి. ఆ ప్రాణులు తమ ఇసుకలోకి తాము చేరుకుంటాయి.