లెక్కకు రాని పద్దు

2017 మే 5న శ్రీహరికోట నుండి జీశాట్-9 నింగికెగసింది. దక్షిణాసియా ఉపగ్రహమని పేరు పెట్టి ఇరుగుపొరుగు దేశాలకు కానుకగా ఇచ్చాము. ఆ సాయంత్రం ఆరు దేశాల అధినేతలు తెరమీదికి వచ్చి మన ప్రధానితో పాటు ప్రసంగించారు. పాకిస్తాన్ ముందే తప్పుకుంది.

235 కోట్లు ఊరికే పంచిపెట్టే సిరి మనకెక్కడిదని కొందరు ఆక్షేపించారు. ఆ వాదం నాకు రుచించదు. తుఫాను సరిహద్దు చూసి ఆగదు కదా, పొరుగువారికి ముందస్తు సమాచారం చేరడం మంచిదే. ఇక దక్షిణాసియా అంతా మన గుప్పిట్లోకి వచ్చినట్టే పొంగిపోయినవారు మరికొందరు. దాదాపు ఏడాదికే బంగ్లాదేశ్ ఫ్రాన్సు సంస్థతో చేయించుకున్న సొంత ఉపగ్రహాన్ని అమెరికా రాకెట్టు మీద పంపుకుంది. (అందులో తప్పేముంది?)

నా పేచీ వేరు. ఈ ఇరువర్గాలూ లెక్కలోకి తీసుకోని పద్దు ఒకటుంది. అది ఆ నేల. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమనున్న ఆ దీవి అడవిలో తేనె, దుంపలు సేకరిస్తూ, చేపలు పట్టుకుంటూ యానాదులు బతికేవారు. 1969లో స్థలం ఎంపికయింది, 1971 అక్టోబరులో తొలి రాకెట్టు ఎగిరింది. ఆ నడుమ వారిలో చాలామందికి అడవి పరాయిదయిపోయింది. మనం దౌత్యమని పిలుచుకునే ఔదార్యానికి తొలి దాతలు వారు. అడిగి పుచ్చుకున్న దానం కాదది.

కొల్లాపూర్‌వాణ్ణి కనుక ఇది నాకు దూరపు కథలా తోచదు. శ్రీశైలం జలాశయంలో మా కృష్ణ ఒడ్డు ఊళ్ళు మునిగాయి. సోమశిల గుడిని విప్పి, ఎత్తుకు తెచ్చి, మళ్ళీ నిలబెట్టారు. రాళ్ళ మీద చూపిన ఆ శ్రద్ధలో సగమైనా మనుషుల మీద చూపలేదు. కరెంటు దేశానికన్నారు, కాదనలేదు. ఇచ్చినవాళ్ళ పేరు ఎవరూ తలవలేదన్నదే ఇక్కడి ముసలివాళ్ళ బాధ.

2025 జనవరిలో శ్రీహరికోటలో మూడవ ప్రయోగ వేదికకు కేంద్ర మంత్రివర్గం దాదాపు 3,985 కోట్లు మంజూరు చేసింది. ఆ జూలైలో నాసాతో కలిసి చేసిన నైసార్ కూడా అక్కడి నుండే ఎగిరింది. ఆ సొమ్ములో పిసరంత సూళ్ళూరుపేట చుట్టుపక్కల యానాది పిల్లల చదువుకు ఎందుకు కేటాయించరాదు? దీవిలో ఒకప్పుడున్న గూడేల పేర్లు ఆ కేంద్రం ముఖద్వారం దగ్గర ఎందుకు చెక్కించరాదు?