లేని జబ్బుకు మందు

ఇటీవల హోసూరులో మన సభ్యులలో ఒకరి యింట జరిగిన సంగతి యిది. డెబ్బది యేండ్లు దాటిన ఆ పెద్దలు విదేశమందున్న మనుమరాలితో ముచ్చటించుటకై కంప్యూటరు తెరవగా, తెర నిండ ఎఱ్ఱని హెచ్చరిక కనబడినది. యంత్రములో వందలకొలది దోషములున్నవనియు, తక్షణమే శుభ్రము చేయించవలెననియు దాని సారాంశము. వారు భయపడి, అందున్న నంబరుకు ఫోను చేసి, మూడు వేల రూపాయలు చెల్లించిరి. యంత్రమునకు అంతకు ముందు ఏ జబ్బును లేదు. నెల దినముల వరకు ఈ మాట వారు ఇంటిలో కూడ చెప్పలేదు.

చదువుకొన్నవారు ఇట్లు మోసపోరని తలంపరాదు. అమెరికాలో ఆఫీస్ డిపో అను పెద్ద వ్యాపార సంస్థ తన అంగళ్లలో కంప్యూటర్లను ఉచితముగ పరీక్షించెడిది. ముందుగా నాలుగు ప్రశ్నలు వేసెడివారు: యంత్రము మందగించినదా? తరచు ఆగిపోవుచున్నదా? వైరస్ హెచ్చరికలు వచ్చినవా? అక్కరలేని ప్రకటనలు తెరపై పడుచున్నవా? ఒక్కదానికి అవునన్నను చాలును, జబ్బు లక్షణములున్నవని ఫలితము వచ్చెడిదనియు, పరీక్షతో దానికి సంబంధమే లేదనియు అచ్చటి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించినది. 2019లో ఆ సంస్థయు, సాఫ్టువేరు సమకూర్చిన సంస్థయు కలసి 3 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించుట కంగీకరించినవి. 2024లో రెస్టోరో, రీఇమేజ్ అను సంస్థలు ఇట్టి ఆరోపణపైననే 2 కోట్ల 60 లక్షల డాలర్లు చెల్లించుట కొప్పుకొన్నవి.

నాడి పట్టకయే రోగము చెప్పి, తన సంచిలోని మందునే అమ్మజూపు వైద్యుని మనము నమ్ముదుమా? ఈ శుభ్రపరచు సాఫ్టువేరుల తీరును అట్టిదే. పిలువని పేరంటముగ వచ్చుట, భయపెట్టుట, తొందరపెట్టుట, దోషము చూపిన నోటితోనే వెల చెప్పుట: ఇవి మోసమునకు గుర్తులు.

విండోస్ చూపు నిజమైన హెచ్చరికలలో ఫోను నంబరు ఉండదని మైక్రోసాఫ్టు సంస్థయే ప్రకటించియున్నది. వైరస్ రక్షణయు, పనికిరాని ఫైళ్లను తొలగించు సాధనమును విండోస్‌లోనే ఉన్నవి. వానికై వేరుగ వెల యీయ నక్కరలేదు. అట్టి హెచ్చరిక తెరపై పడినచో ఆ నంబరుకు ఫోను చేయక, ఆ పుటను మూసివేయవలెను. మూతపడనిచో యంత్రమునే ఆర్పివేయవలెను. దూరమునుండి మన యంత్రమును నడపుటకు అపరిచితుల కెన్నడును అనుమతి యీయరాదు. సొమ్ము చెల్లించియున్నచో వెంటనే బ్యాంకునకు తెలిపి, 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఏ రాష్ట్రమందున్న మనవారికైనను ఈ నంబరు ఒక్కటే. ఎంత త్వరగ తెలిపిన సొమ్ము దక్కుట కంత అవకాశము కలదు.

ఇందు మన కొక ప్రత్యేకమైన చిక్కు కలదు. మన పెద్దలు ఇంట తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో ఒడియాయో మాటలాడుదురు. తెరపై హెచ్చరికయో ఇంగ్లీషున వచ్చును. అర్థము కానప్పుడు పొరుగువారి నడుగుటకు నామోషీ, మోసపోయినప్పుడు చెప్పుకొనుటకు మరింత నామోషీ. దొంగకు కావలసినది ఈ మౌనమే. కావున మన సంఘపు ప్రతి సమావేశమందును అరగంట సేపు యువకులు పెద్దల చెంత కూర్చుండి, తెరపై కనబడు మాటలను తెలుగున విడమరచి చెప్పవలెనని నా మనవి. మోసపోయినవారు ఆ సంగతిని అచ్చటనే పదిమందికి చెప్పవలెను. మోసగించినవానికి లేని సిగ్గు మోసపోయినవారి కేల?